లంక చేను మునిగాక ఇన్‌పుట్ సబ్సిడీ మా చేతికి ఎలా వచ్చింది

2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వదిలారు. 2009 అక్టోబరు వరద చూసిన మా పెద్దవాళ్లు కూడా ఇంత నీరు ఎన్నడూ చూడలేదన్నారు. విజయవాడలో బుడమేరు ముంచిన కాలనీలను లోకమంతా టీవీల్లో చూసింది. బ్యారేజీ దిగువన, ఏటికీ కరకట్టకీ మధ్య ఉన్న మా లంకల సంగతి అంతగా బయటికి రాలేదు. మాది బాపట్ల జిల్లా కొల్లూరు మండలంలో ఒక లంక ఊరు. పసుపు, అరటి, కంద వేసుకుని బతికేవాళ్లం. ఆ ఏడు మా పంట పోయినప్పుడు ప్రభుత్వం ఇచ్చిన ఇన్‌పుట్ సబ్సిడీ మాదాకా ఎలా వచ్చిందో, మా పక్క చేల వాళ్లకి ఎందుకు రాలేదో రాస్తున్నాను. మళ్లీ వరద రాదని ఎవరూ చెప్పలేరు కాబట్టి లంకల్లోనూ డెల్టాలోనూ ఉన్నవాళ్లకి ఇది పనికొస్తుందని నా నమ్మకం.

మాకున్న సొంత భూమి ఎకరం ఇరవై సెంట్లు. అది మా అత్తయ్య పేరున ఉంది, అందులో కర్పూర అరటి. అది కాక రెండెకరాలు కౌలుకి తీసుకుని పసుపు పెట్టాం. ఆ భూమి ఆసామి మా ఊరివారే, పిల్లల దగ్గర హైదరాబాదులో ఉంటున్నారు. వరసకి మా ఆయనకి బాబాయి అవుతారు. కౌలు ఎకరాకి నలభై వేలు, అదీ ముందే కట్టాలి. పసుపు విత్తనానికి, దుక్కికి, బోదెలు తోలడానికి, కూలీలకి అయింది వేరే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కౌలు చేలో నష్టం ఎప్పుడూ చేసినవాడిదే. ఆసామికి రావలసిన కౌలు జూన్‌లోనే వచ్చేసింది. వరద ముంచింది మా పెట్టుబడిని.

ముందు ఒక మాట. ఇన్‌పుట్ సబ్సిడీ వేరు, పంటల బీమా వేరు. మా ఊళ్లో సగం మంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు. బీమా అనేది బీమా కంపెనీ దిగుబడులు లెక్కగట్టి ఇచ్చేది, అది ఎప్పటికో వస్తుంది. ఇన్‌పుట్ సబ్సిడీ ప్రభుత్వం విపత్తు నిధి నుంచి ఇచ్చే సాయం, మళ్లీ పంట పెట్టుకోవడానికి చేతికందించే డబ్బు. నష్టం 33 శాతం దాటితేనే ఇస్తారు. 2015 దాకా ఈ హద్దు 50 శాతం ఉండేది. కేంద్రం అప్పటి నిబంధనల ప్రకారం నీటి వసతి ఉన్న పంటకి హెక్టారుకి 17,000, రైతుకి రెండు హెక్టార్ల వరకే. 2024 వరదలకి మన రాష్ట్రం అంతకంటే పెంచి ఇచ్చింది. వరికి హెక్టారుకి 25,000, పసుపుకీ అరటికీ 35,000. ఎకరాల్లో చూస్తే పసుపుకి పద్నాలుగు వేల పైచిలుకు.

ఈ మొత్తం వ్యవహారానికి మూలం ఈ-పంట నమోదు. రైతు సేవా కేంద్రంలో ఉండే సహాయకులు చేనుకి వచ్చి సర్వే నెంబరు, పంట, విస్తీర్ణం, సాగు చేసేవారి పేరు ట్యాబ్‌లో ఎక్కించి, చేలో నిలబెట్టి ఫొటో తీస్తారు. తర్వాత వేలిముద్ర వేయాలి. పసుపు, అరటి ఉద్యాన శాఖ కిందికి వస్తాయి గనుక మాకు వచ్చేది ఉద్యాన సహాయకురాలు. చిన్నపిల్ల, చదువు అయిపోయి ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు. వరద వచ్చేనాటికి ఆ సీజను నమోదు ఇంకా నడుస్తూనే ఉంది. మా అరటి ఎక్కింది. పసుపు దగ్గర ఆగింది. ట్యాబ్‌లో సర్వే నెంబరు కొట్టగానే రెవెన్యూ రికార్డులో ఉన్న ఆసామి పేరే వస్తుంది. సాగుదారుగా మా ఆయన పేరు రాయాలంటే కౌలు కార్డు అడిగారు. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు అది, పదకొండు నెలలు చెల్లుతుంది, దానికి ఆసామి సంతకం కావాలి. బాబాయి గారు పెట్టలేదు. మా దగ్గరే కాదు, లంకల్లో కౌలుకి చేసేవాళ్లలో ఆ కార్డు చేతిలో ఉన్నవాళ్లు నాకు తెలిసి బహు తక్కువ.

నీళ్లు దిగాక చేనులోకి వెళ్లాం. అరటి చెట్లు చాలావరకు నిలబడే ఉన్నాయి, ఆకులకి బురద పట్టి వేలాడుతున్నాయి. పసుపు అయితే పైకి ఇంకా పచ్చగానే కనబడుతోంది. నష్టం లెక్క కట్టడానికి ఉద్యాన సహాయకురాలు, వీఆర్వో గారు కలిసి వచ్చారు. వాళ్లూ రాత్రింబగళ్లు తిరుగుతున్నారు, మనుషులు నిద్ర లేక వాడిపోయి ఉన్నారు. వీఆర్వో గారు గట్టు మీద నుంచే చూసి, “పైకి పచ్చగానే ఉంది కదమ్మా, ముప్పై మూడు శాతం అని ఎట్లా రాయమంటావు?” అన్నారు.

నేను బురదలోకి దిగి ఒక మొక్క మొదట్లో చేత్తో తవ్వి దుంప పైకి తీశాను. మేం పెట్టిన తల్లి దుంప వేళ్ల మధ్య నొక్కితే చితికిపోయింది. లోపల పసుపుగా ఉండవలసింది గోధుమ రంగుకి తిరిగి నీరు కారుతోంది. వాసనకి మా ఆయన మొహం తిప్పుకున్నారు. కొత్తగా పడుతున్న పిలక దుంపలు చిటికెన వేలంత కూడా లేవు, వేళ్లు నల్లబడ్డాయి. ఇంకో పక్క తవ్వి చూపించాను, అక్కడా అంతే. ఆ అమ్మాయి నా చేతిలోని దుంపని ఫొటో తీసుకుంది. “సార్, పసుపుకి మూడు రోజులు నీళ్లు నిలిస్తే చాలు, దుంపకుళ్లు వస్తుంది. పైన ఆకు పండటానికి ఇంకో వారం పడుతుంది, అప్పటికి లిస్టు అయిపోతుంది” అని వీఆర్వో గారికి నచ్చచెప్పింది. ఆయన కాదనలేదు. అరటి దగ్గర కూడా ఆ అమ్మాయే ఒక చెట్టు అడుగున దవ్వ కోయించి లోపల కుళ్లు చూపించింది.

నష్టం రాయడానికి వచ్చినవాళ్లు మంచివాళ్లయినా సరే, గట్టు మీద నుంచి చూస్తే దుంప పంటల నష్టం కనబడదు. కంద వేసినవాళ్లకీ ఇదే జరిగింది. వాళ్లు వచ్చే వేళకి రైతు చేలో ఉండి తవ్వి చూపించాలి. ఇంట్లో సామాన్లు కడుక్కుంటూ, పునరావాస కేంద్రం నుంచి ఇంకా రాకుండా ఉండిపోయిన కొందరి చేలకి తక్కువ శాతం పడింది. ఇల్లు మునిగినవాళ్లు అదే సమయానికి చేలో ఎలా ఉంటారు? కనీసం ఏ రోజు ఏ పొలాలకి వస్తారో ముందు రోజు దండోరా వేయించినా చాలు. అది పెద్ద ఖర్చు పని కాదు.

ఇసుక మేట సంగతి చాలామందికి తెలియలేదు. ఏటి ఒడ్డు చేలల్లో ఇసుక మూడంగుళాల పైన మేట వేస్తే దాన్ని తీయించుకోవడానికి అప్పటి విపత్తు నిధి నిబంధనల్లో హెక్టారుకి 18,000 ఉండేది. ఏటి కోతకి భూమే పోతే 47,000. ఇవి సన్నకారు, చిన్నకారు రైతులకి. పంట నష్టం లెక్కలో ఇవి వాటంతట అవి రావు, విడిగా రాయించుకోవాలి. మా ఊళ్లో అడిగినవాళ్లవే రాశారు.

జాబితా సిద్ధమయ్యాక సామాజిక తనిఖీ కోసం రైతు సేవా కేంద్రం గోడకి అంటించారు. పంట నష్టం వ్యవహారం అంతటిలో అన్నిటికంటే ముఖ్యమైన రోజులు ఇవే. జాబితా గోడ మీద ఉన్నంతసేపే తప్పులు దిద్దుతారు. తర్వాత పైకి పంపేస్తే మండలం, జిల్లా దాటి వెళ్లిపోతుంది, ఇక మన ఊళ్లో ఎవరి చేతుల్లోనూ ఉండదు. మా ఆయన వెళ్లి చూసి ఫొటో తీసి పంపారు. అరటికి అత్తయ్య పేరు ఉంది. పసుపు రెండెకరాల సర్వే నెంబరు ఎదురుగా బాబాయి గారి పేరు ఉంది.

ఆ సాయంత్రం ఫోన్ చేశాను. “బాబాయి గారూ, పసుపు మేం పెట్టాం, మేం పోగొట్టుకున్నాం. మా పేరు రాయించండి” అన్నాను. ఆయన చెడ్డ మనిషి కాదు. “డబ్బు నాకెందుకమ్మాయ్, నాకు పడితే మీకే పంపిస్తాను. ఆ కార్డు మీద మాత్రం నన్ను సంతకం అడగొద్దు. రేపు మా పిల్లలు అమ్ముకుందామంటే కౌలుదారు ఉన్నాడని అడ్డం పడుతుంది” అన్నారు. పదకొండు నెలల తర్వాత ఆ కార్డు చెల్లదనీ, దానివల్ల భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే రాసి ఉందనీ చెప్పాను. ఆయన భయం పోలేదు. తరాలుగా ఆసాములకి ఉన్న భయం అది, ఫోనులో ఒక్కసారి చెబితే పోయేది కాదు.

ఆయనకి పడితే ఆయన పంపిస్తారు గదా, గొడవ ఎందుకని అత్తయ్య అంది. నేను ఒప్పుకోలేదు. ఈ-పంటలో పేరు లేకపోతే ఆ ఏడు మేం సేద్యం చేసినట్టు ప్రభుత్వం దగ్గర ఆనవాలే ఉండదు. బ్యాంకులో పంట రుణం అడగాలన్నా, రేపు బీమా రావాలన్నా అదే రికార్డు చూస్తారు.

మర్నాడు తెల్లకాగితం మీద అభ్యంతరం రాసి ఇచ్చాం. మాది నోటిమాట కౌలు, పత్రం ఏదీ లేదు. అందుకని ఉన్నవి జతచేశాం. జూన్‌లో కౌలు డబ్బు బాబాయి గారికి ఫోన్‌పేలో పంపినప్పటి రసీదు, మా ఆయన పేరున ఉన్న ఎరువుల బిల్లులు, పసుపు విత్తనం కొన్న చీటీ. వీటికంటే బలమైంది నాలుగు హద్దుల రైతుల సంతకాలు. మా చేను చుట్టూ ఉన్న వాళ్లు వచ్చి, ఈ సాలు ఇక్కడ పసుపు పెట్టింది ఫలానా వాళ్లే అని రాసి సంతకాలు పెట్టారు. వాళ్లిళ్లల్లోనూ బురద ఇంకా ఆరలేదు, అయినా వచ్చారు. వీఆర్వో గారు ఆసామి నుంచి కూడా ఒక ముక్క కావాలన్నారు. బాబాయి గారు కార్డు మీద సంతకం పెట్టనన్నారు గానీ, “ఈ సంవత్సరం నా భూమి సాగు చేసింది మా అబ్బాయే, నష్ట పరిహారం అతనికి ఇస్తే నాకు అభ్యంతరం లేదు” అని చేత్తో రాసి, సంతకం చేసి వాట్సాప్‌లో పంపారు. దాన్ని ప్రింటు తీసి ఇచ్చాం. ఉద్యాన సహాయకురాలు మళ్లీ చేనుకి వచ్చి మా ఆయన్ని నిలబెట్టి ఫొటో తీసి పేరు మార్చింది. జాబితా పైకి వెళ్లే ముందు మార్పు పడింది.

ఇలా అందరికీ జరగలేదు. మా పక్క చేను అన్నయ్యది కూడా కౌలే. వాళ్ల ఆసామి ఫోనే ఎత్తలేదు. డబ్బు ఆసామి ఖాతాలో పడింది. వచ్చే ఏడు కౌల్లో తగ్గించుకుందాంలే అని కబురు పెట్టాడట. వచ్చే ఏడు కౌలు సంగతి తర్వాత, ఆ అన్నయ్యకి డబ్బు కావలసింది అప్పుడు, కుళ్లిన పసుపు తీసేసి ఏదో ఒక పంట వేసుకోవడానికి. ఇంకా కొందరు ఏటి వెంబడి లంక భూముల్లో ఏళ్ల తరబడి చేసుకుంటున్నారు, పట్టా లేదు, రికార్డులో సర్వే నెంబరు కింద వాళ్లూ లేరు. అందరికంటే ముందు మునిగేది వాళ్ల చేలే. వాళ్ల పేర్లు ఏ జాబితాలోనూ రాలేదు. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే.

సెప్టెంబరు 25న విజయవాడలో ముఖ్యమంత్రి వరద సాయం విడుదల చేశారు. ఆ తర్వాత ఊళ్లో ఒక్కొక్కరికీ మెసేజీలు రావడం మొదలైంది. మా ఆయనకి పసుపు తాలూకు ఇరవై ఎనిమిది వేల చిల్లర పడింది. అత్తయ్యకి పడలేదు. జాబితాలో పేరుంది, వేలిముద్ర వేసింది, అయినా పడలేదు. రైతు సేవా కేంద్రంలో చూస్తే చెల్లింపు వెనక్కి వెళ్లినట్టుంది. ఆధార్‌కి కలిసిన ఖాతా వేరే ఉంది. ఎప్పుడో ఉపాధి హామీ కూలి డబ్బుల కోసం తెరిచిన ఖాతా అది, వాడక నిలిచిపోయింది. మనం పాస్‌బుక్ ఏది ఇచ్చినా, డబ్బు పోయేది ఆధార్‌కి ఆఖరున ముడిపెట్టిన ఖాతాకే. అత్తయ్య ఇప్పుడు వాడుతున్న ఖాతాకి ఆధార్ ముడిపెట్టించాలి.

బ్యాంకులో వేలిముద్ర పడలేదు. యాభై ఏళ్లుగా పసుపు తవ్వి, గెలలు మోసి, అంట్లు తోమిన చేతులు. మిషను మీద పదే పదే పెట్టించారు, ఒక్కో వేలూ మార్చి చూశారు, గీతలు దొరకలేదు. అత్తయ్య “నా వేళ్లు పనికిరావంటమ్మా” అని నా వైపు చూసింది. ఆ మాట విని కౌంటరు దగ్గర ఉన్న అబ్బాయి లేచి వచ్చి, వేలిముద్ర లేకుండా కాగితం మీద సంతకంతో కూడా ఆధార్ అనుసంధానం చేయొచ్చని ఫారం తెచ్చి ఇచ్చాడు. రైతు సేవా కేంద్రంలో మిగిలిన పని కంటి స్కానరుతో చేయించారు. మీ ఇళ్లల్లో పెద్దవాళ్లుంటే ముందుగానే ఇది అడగండి, స్కానరు ఉన్న చోట కంటితో అవుతుంది. కొన్నాళ్లకి అత్తయ్యకి పదిహేడు వేలు పడింది. ఆ మెసేజీ నేను పైకి చదివి వినిపించాను.

ఈ డబ్బుకి ఏం వచ్చింది? పసుపు రెండెకరాలకి వచ్చిన దాంతో కౌల్లో సగం కూడా పూడలేదు. కానీ చేను శుభ్రం చేయించి, దున్నించి, మొక్కజొన్న విత్తనం కొనడానికి వడ్డీకి తీసుకోలేదు. లంకల్లో నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే తక్కువ అనుకునే రోజులు. ఆ నెలలో అప్పు చేయకుండా మళ్లీ విత్తనం పడిందంటే అది ఈ సాయం వల్లే. అందుకే ఈ డబ్బు చిన్నదని నేను కొట్టిపారేయను. చేసినవాడి చేతికి, మళ్లీ విత్తే వేళకి అందాలి, అంతే నేను అడిగేది.

ఈ సమస్యకి మార్గం లేక కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో తెచ్చిన కౌలుదారుల చట్టం కింద రుణ అర్హత కార్డు ఇవ్వడానికి ఆసామి సంతకం అవసరం లేకుండా, ఊళ్లో విచారించి ఇచ్చేవారు. మా విషయంలో చివరికి పనిచేసింది కూడా అదే పద్ధతి, నాలుగు హద్దుల రైతుల మాట. చేనుకి నాలుగు పక్కలా ఉన్నవాళ్లకి తెలియకుండా ఎవరూ పసుపు పెట్టలేరు. ఆ సంతకాలని రుజువుగా తీసుకుని ఈ-పంటలో సాగుదారు పేరు రాయమని కోరుతూ మా ఊరి కౌలు రైతులం కలిసి కలెక్టరేటులో సోమవారం అర్జీల రోజున ఒక అర్జీ ఇచ్చాం. పట్టా లేని లంక భూముల వాళ్లని విడిగా ఒక జాబితాలో రాయమని కూడా అందులోనే అడిగాం. పక్క చేను అన్నయ్య మొదటి సంతకం పెట్టాడు, అత్తయ్య వేలిముద్ర వేసింది.

ఇది చదివే కౌలు రైతులకి నేను చెప్పేది ఇదీ. నమోదు మొదలైన వారంలోనే కేంద్రానికి వెళ్లి మీ సర్వే నెంబరు ఎదురుగా ఎవరి పేరు ఉందో చూపించమనండి. కౌలు డబ్బు చేతికివ్వకుండా ఫోనులోనో బ్యాంకులోనో వేయండి, రసీదు దాచుకోండి. ఎరువుల బిల్లు మీ పేరునే రాయించండి. ఆసామి కార్డుకి ఒప్పుకోకపోతే కనీసం ఆయన చేత్తో నాలుగు ముక్కలు రాయించుకోండి, అది కూడా పంట పచ్చగా ఉన్నప్పుడే. మొన్న నమోదుకి ఉద్యాన సహాయకురాలు వచ్చినప్పుడు మా కొత్త పసుపు చేలో మా ఆయనతో పాటు నన్నూ నిలబడమంది. సాగుదారుల గడిలో ఈసారి నా పేరు రాయించుకున్నాను.